నీడలో పెంచిన నలుపు

మా టౌన్‌హౌస్ ఉత్తరముఖం. కొన్నప్పుడు వాస్తు కుదిరిందని మా ఆయన తెగ మురిసిపోయాడు. గుమ్మం పక్కనున్న నాలుగడుగుల మట్టిలో ఏదీ బతకదన్న సంగతి మాత్రం ఆ వాస్తు చెప్పలేదు. ఒక పక్క ఇంటి నీడ, ఇంకో పక్క వీధిలో సిటీవాళ్ళు పెంచే మేపుల్ చెట్టు నీడ. బంతి వేశాను, పోయింది. గడ్డి కూడా పాలిపోయి చచ్చింది. ఇక్కడ కెనడాలో, మా మిస్సిసాగాలో ఉన్న నర్సరీలన్నీ తిరిగి విసిగిపోయాక, ఒకచోట పనిచేసే పెద్దావిడ నల్లటి ఆకుల మొక్కలు చూపించింది. కోరల్ బెల్స్ అంటారట. సన్నటి కాడల మీద చిన్న గంటల్లాంటి పువ్వులు పూస్తాయి కాబట్టి ఆ పేరు. పువ్వుల్ని ఎవరూ పట్టించుకోరు, అందమంతా ఆకుదే. పండిన నేరేడు రంగు. మూడు కొన్నాను. అందం చూసి కొన్నానని అందరికీ చెప్పాను గానీ, నిజానికి మా అమ్మ మీద కసితో కొన్నాను.

నేను నల్లగా పుట్టాను. ఆ తప్పుకి చిన్నతనమంతా మా అమ్మ నన్ను తోముతూనే ఉంది. ఆదివారం వస్తే సున్నిపిండి, పాలమీగడ, నిమ్మచెక్క. మోచేతుల దగ్గర చర్మం మండిపోయేది. చుట్టాలొస్తే "రంగు తక్కువైనా కళగల మొహం" అని ఓదార్చేవాళ్ళు. వాళ్ళెవ్వరినీ నేను ఇప్పటికీ క్షమించలేదు. పెళ్ళిచూపులకి పంపిన ఫొటోలో స్టూడియో అతను నన్ను ఎంత తెల్లగా చేశాడంటే, మా ఆయన మొదటిసారి వచ్చినప్పుడు నన్ను దాటి వెనకాల ఉన్న మా పిన్ని కూతురి వైపు చూశాడు.

నా కూతురిది నా రంగే. అది పుట్టిన రోజున ఆస్పత్రి మంచం మీద దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కటే అనుకున్నాను. చదువు ఎలా వచ్చినా సరే, తెలుగు వచ్చినా రాకపోయినా సరే, తన ఒంటిని చూసుకుని ఇది సిగ్గుపడకూడదు. అంతకుమించి నేనేమీ కోరలేదు.

మొక్కల దగ్గర మొదట్లో చేతులు కాల్చుకున్నాను. టమాటా నారు నాటినట్టు మొదలంతా మట్టిలో కూరేసరికి రెండు కుళ్ళిపోయాయి. ఆకులు పుట్టే చోటు మట్టికి పైనే ఉండాలని ఆ నర్సరీ ఆవిడే చెప్పింది. చలికాలం అయ్యేసరికి గడ్డకట్టిన నేల మొక్కని వేళ్ళతో సహా పైకి నెట్టేస్తుంది. ఏప్రిల్‌లో మళ్ళీ కూర్చోబెట్టి, చుట్టూ మట్టి అదమాలి. మధ్యాహ్నం ఎండ పడితే మాత్రం నా రకం వెలిసిపోయి ఇటుక రంగుకి దిగుతుంది. ఇవన్నీ నేర్చుకున్నాక నాకు బాగా చేయి తిరిగింది. మొదలు విడదీసి నాటుతూ పోతే పదకొండయ్యాయి.

కూతురికి పదేళ్ళప్పుడు మా అమ్మ ఇండియా నుంచి వచ్చి నాలుగు నెలలుంది. కారు దిగీ దిగగానే, "గుమ్మం ఎదురుగా ఈ నల్ల మొక్కలేంటే? ఇంకేం దొరకలేదా ఈ దేశంలో?" అంది.

"నాకు ఇవే ఇష్టమమ్మా," అన్నాను. ఆ జవాబు కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూశానో.

పిల్ల అప్పటికి నాలుగేళ్ళుగా సాకర్ ఆడుతోంది. మే నుంచి ఆగస్టు దాకా వారానికి మూడు సాయంత్రాలు, శనివారం పొద్దున మ్యాచ్. జూలైలో ఒక శనివారం అది మోకాళ్ళకి గడ్డి మరకలతో ఇంట్లోకి వచ్చేసరికి మా అమ్మ నోరు జారింది.

"ఎండకి మాడి మసిబొగ్గైపోయిందే పిల్ల. ఆ బంతాట మాన్పించు. రేపు నువ్వే ఏడుస్తావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంకోసారి ఈ ఇంట్లో ఆ మాట వినిపిస్తే నీ తిరుగు టికెట్ ముందుకి జరిపిస్తాను. నన్ను తోమింది చాలు," అన్నాను. పిల్ల సోఫాలో కూర్చుని షూ లేసులు విప్పుకుంటూ నా వైపు చూసి, "యూ టోల్డ్ హర్, అమ్మా," అని, భలే బుద్ధి చెప్పావన్నట్టు నవ్వింది. నా జీవితంలో అంత గర్వపడింది లేదు.

మా అమ్మ వెళ్ళిపోయాక అక్టోబరులో టీమ్ ఫొటో వచ్చింది. రెండు వరుసల పిల్లలు, చివర్న నా కూతురు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. నా చూపు మొదట ఆ నవ్వు మీద పడలేదు. పక్కనున్న పిల్ల చేతినీ దీని చేతినీ పోల్చి చూసుకున్నాను. ఫొటోని ఫ్రేమ్ కట్టించకుండా సొరుగులో పెట్టేశాను.

మార్చిలో సాకర్ రిజిస్ట్రేషన్ లింక్ వచ్చింది. చూసి ఊరుకున్నాను. మా ఆయన అడిగితే, పిల్ల అడిగితే, "ఈసారి స్పాట్స్ అయిపోయాయట," అన్నాను. కమ్యూనిటీ సెంటర్‌లో బ్యాడ్మింటన్‌కి చేర్పించాను, నాలుగు గోడల మధ్య. ఎండాకాలం పొడుగు చేతుల చొక్కాలు, టోపీ. పార్కుకి ఏడు దాటాకే. వడదెబ్బన్నాను, స్కిన్ క్యాన్సరన్నాను. ఒక్కసారి కూడా రంగు మాట ఎత్తలేదు. మాట ఎత్తలేదు కాబట్టి నేను మా అమ్మలాంటిదాన్ని కాదనుకున్నాను. పది డిగ్రీలు రాగానే జనం నిక్కర్లు వేసుకుని వీధిలోకి పరిగెత్తే దేశంలో, ఆగస్టు నెలలో, ఫ్యామిలీ డాక్టర్ నా కూతురి రిపోర్టు చూసి విటమిన్ డి బాగా తక్కువగా ఉందన్నాడు. బయట ఆడుకుంటుందా అని అడిగాడు. "బ్యాడ్మింటన్ ఆడుతుందండీ," అని చుక్కల మందు కొనుక్కుని వచ్చేశాను.

పోయిన జూన్‌లో సిటీవాళ్ళు మేపుల్ చెట్టు కొట్టేశారు. లోపలంతా బోలుగా ఉందట. సాయంత్రం ఐదున్నర దాటితే పడమటి ఎండ తిన్నగా గుమ్మం మీద పడటం మొదలైంది. రెండు వారాల్లో ఆకుల అంచులు మాడాయి. పదకొండు మొక్కల్నీ తవ్వి పెరట్లో కంచె నీడకి మార్చేద్దామని సాయానికి కూతుర్ని పిలిచాను. దానికిప్పుడు పదిహేడు.

"ఇంత అర్జెంటుగా ఎందుకు మారుస్తున్నాం?" అంది.

"ఎండ తగిలితే రంగు పోతుందే. నీడలో ఉంటేనే ఆ నలుపు నిలుస్తుంది. నలుపు పోతే ఇంకేముంది వీటిలో?"

అది పార మట్టిలో గుచ్చి నిలబడింది. "వీటిని డార్క్‌గా ఉంచడానికి నీడలో పెడతావు," అంది మెల్లగా. "నన్ను డార్క్ అవ్వకుండా నీడలో పెట్టావు."

"అదేం మాటే? నీకు ఎండ పడదని..."

"స్పాట్స్ అయిపోలేదమ్మా. ఆ సమ్మర్ కోచ్ గ్రోసరీ స్టోర్‌లో కనిపించి ఎందుకు రావట్లేదని అడిగాడు. ప్లేయర్స్ చాలట్లేదన్నాడు. అప్పుడు నువ్వు వేరే వరసలో సరుకులు తీస్తున్నావు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను."

ఆరేళ్ళు చూసింది. నోటికొచ్చిన మొదటి మాట అనేశాను. "ఇప్పుడే అప్లై చేస్తాను, ఈ సమ్మర్ చేరు." అంతకంటే తెలివితక్కువ మాట ఇంకోటి ఉండదు.

"ఇప్పుడెళ్ళి ఎవరితో ఆడతానమ్మా? వాళ్ళందరూ ఎక్కడికో వెళ్ళిపోయారు," అంది. కోపంగా కూడా అనలేదు. చేతిలో ఉన్న మొక్కని గుంటలో పెట్టి, చుట్టూ మట్టి అదిమింది. "అమ్మమ్మ మొహం మీదే అనేసింది. అలా అంటే నేను ఫైట్ చేయగలను. నీతో ఎలా చేయను? నువ్వు నా సైడ్ అనుకున్నా."

మిగతా మొక్కలన్నీ చీకటి పడేలోపు ఇద్దరం నాటేశాం.

ఇప్పుడు ఆదివారాలు మా అమ్మ వీడియో కాల్ చేస్తే ఫోన్ పిల్ల చేతికే వెళ్తుంది. మా అమ్మేమీ మారలేదు, ఎండలో తిరగొద్దనే అంటుంది. ఇది తిరుగుతానంటుంది. ఇద్దరూ గంటసేపు పోట్లాడుకుంటారు, మధ్యలో పగలబడి నవ్వుకుంటారు. నాతో మాత్రం నా కూతురు చాలా మర్యాదగా మాట్లాడుతుంది.