చీనీతోట హోటల్లో నిమ్మకాయంత సంగటి

ఈ రోజు పులివెందుల దగ్గర చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, ఒక కుటుంబం నడిపే లగ్జరీ హోటల్లో దిగాను. మధ్యాహ్నం రాగి సంగటి పెట్టారు. పళ్లెం చాటంత, ముద్ద నిమ్మకాయంత! ఇంకోటి అడిగితే ఓనరు కొడుకు, "ఇది టేస్టింగ్ పోర్షన్ సార్" అని నవ్వాడు.

వంటింట్లోంచి వాళ్లమ్మ తొంగి చూసింది. "ఏందిరా అది? ఆయప్పకు దిష్టి తీసి పారేసే ముద్ద పెట్టినావే!"

అంతే, పక్క టేబుళ్లవాళ్లు కూడా చెంచాలు కింద పెట్టేశారు. దిష్టి ముద్ద ఎవరు తింటారు? ఆమే గిన్నె తెచ్చి అందరికీ గుప్పిట్లో పట్టనంత ముద్దలు వేసింది. కొడుకు తల పట్టుకున్నాడు.

సాయంత్రానికి మెనూలో కొత్త వంటకం చేరింది: 'అమ్మ చేతి ముద్ద'. ధర రెట్టింపు. రేపటికి ఆమె తిట్లకు కూడా రేటు కడతాడంటాను, పందెమెవరు కాస్తారు?