ఉడికించనిదే ఊరుకోని యశోదమ్మ

మా హెడ్ నర్సు యశోదమ్మకు ఒకటే జబ్బు. కంటపడిన ప్రతి వస్తువునూ మరగబెట్టాలి.

భద్రాచలం అడవి అంచున మాది చిన్న సర్కారు దవాఖానా. నేనక్కడ కాంపౌండరును. రెండువేల ఏడులో ఖమ్మం నుంచి ఆర్డరు వచ్చింది: వార్డులో ఒకరి రోగం ఇంకొకరికి అంటకూడదు, పసిపిల్లల గదిలోకి బయటి వస్తువు రాకూడదు, ఎవరైనా తెస్తే పారేయాలి. ఆనాటి నుంచి యశోదమ్మ స్టవ్వు ఆరలేదు. కత్తెరలంటే సరే. దువ్వెన, గిలక్కాయ, మొలతాడు, చివరికి డాక్టర్ అనిల్‌కుమార్ గారి పెన్ను!

"ఏంటి సిస్టర్ ఇది?"

"పురుగు సచ్చింది సార్."

"పెన్ను కూడా చచ్చింది!"

అప్పటినుంచి ఆయన కొత్త పెన్నును సాక్సులో దాచుకుని తిరిగేవారు.

ఒకసారి ఒక బాలింత కోసం రాములవారి గుడినుంచి అక్షింతలు తెచ్చాను. యశోదమ్మ కళ్లకద్దుకుని తీసుకుంది. కాసేపటికి అవి అన్నమైపోయాయి.

"అయ్యో, తలమీద ఏసుకునేటివి కదమ్మా!"

"కడుపుల ఏసుకుంటే రాముడు వద్దంటడా అన్నా? తినిపిచ్చిన."

లెంపలు వేసుకున్నాను. ఎవరి తరఫునో నాకే తెలియదు.

ఆ వానాకాలం పక్క గూడెం బొజ్జయ్య భార్యకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత బిడ్డ, పైగా జ్వరం. బొజ్జయ్య తల్లి జంపక్క తమ గూడెం వేల్పు దగ్గర పెట్టి తెచ్చిన పసుపుదారంతో గదిలోకి రాబోయింది. డాక్టరుగారు గుమ్మంలోనే ఆపారు.

"బయటి దారం. పారేయండి."

"మా దేవరను పారేస్తవా? ఒరే బొజ్జా, పిల్లను తీస్కరా. పోదాం!"

బయట వాళ్లు తెచ్చుకున్న ఆటో స్టార్టయింది. "బిడ్డ దారిలోనే పోతుందయ్యా!" అని డాక్టరుగారు అరుస్తున్నారు. బొజ్జయ్య ఆటోకూ గదికీ మధ్య గింగిరాలు తిరుగుతున్నాడు. నాకు రామనామం సగంలోనే తెగిపోతోంది, కాలు ఒకచోట నిలవడంలేదు. అంతలో యశోదమ్మ వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఇటియ్ పెద్దమ్మా ఆ దారం."

"ఏం జేస్తవ్?"

"మరగబెడత."

"ఉడికిస్తే దేవర పోతడు!"

"మీ దేవరకు పచ్చిబియ్యమే పెడతరా?"

జంపక్క ఆలోచించింది. "లే. ఉడికిచ్చే పెడతం."

"మరింకేంది? ఉడుకంటే ఆయనకు అలవాటే."

గుమ్మం బయట ఆటో గుడగుడలాడుతూనే ఉంది. నీళ్లు అంత బద్ధకంగా మరగడం నేనెన్నడూ చూడలేదు. చివరికి పట్టకారుతో దారం పైకి తీసి, యశోదమ్మ డాక్టరుగారికి చూపింది.

"ఇగ ఇది బయటి దారం కాదు సార్. మన గిన్నెల దారం."

డాక్టరుగారు దారాన్నీ ఆమెనూ మార్చిమార్చి చూశారు. "బిడ్డకు వద్దు. తొట్టికి కట్టండి" అన్నారు, నవ్వాపుకుంటూ.

జంపక్క చేతులు కడుక్కుని తనే కట్టింది. బొజ్జయ్య పోయి ఆటోను పంపేశాడు.

అప్పుడు తట్టింది నాకు. పారేయమన్న ఆర్డరు వచ్చాక యశోదమ్మ ఎవరి వస్తువునూ పారేయలేదు. దువ్వెన, గిలక్కాయ, మొలతాడు, అన్నీ మరిగి, తెచ్చినవాళ్ల చేతికే చేరాయి. డాక్టరుగారి పెన్ను ఒక్కటే దక్కలేదు.

జ్వరం తగ్గి, పిల్ల బుగ్గలు తేరి ఇంటికెళ్లేనాడు జంపక్క చంకలో కోడిపెట్టతో వచ్చింది. యశోదమ్మ నోరు తెరవకముందే దాన్ని ఆమె చేతుల్లో పెట్టింది.

"తెల్సు బిడ్డా, దీన్నిగూడ మరగబెడతవ్. జర ఉప్పూకారం ఎయ్యి."