అమ్మకి అర్థమైన మీటింగు

మా చిన్నతనంలో టాటానగర్ గోల్‌మురిలో మీటింగంటే పండగే... సాయంత్రం ప్లాంటు కూత వినపడగానే ఆడవాళ్లు చాపలు చంకన పెట్టుకుని మైదానానికి బయల్దేరేవారు. ముందు కూర్చుంటే నాయకుడి మొహం బాగా కనిపిస్తుందని ఆశ.

మా అమ్మా వెళ్లేది. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పెళ్లయి నేరుగా ఈ ఇనుము ఊరికి వచ్చిన మనిషి... హిందీ ఒక్క ముక్క రాదు. నాయకుడు హిందీలో ఊదరగొడుతుంటే అందరితో పాటు చప్పట్లు కొట్టేది. తిరిగొచ్చేటప్పుడు దారిలో నాన్నని అడిగేది.

"ఏటన్నాడయ్యా ఆ బాబు?"

"రోడ్డు ఏయిత్తాడంట."

"అంతసేపు అరిసినాడు... రోడ్డేనా?"

నాన్న నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు. ఒక్క మీటింగైనా మొదట్నుంచి చివరిదాకా తనకి అర్థమవ్వాలని ఆవిడ కోరిక. నగలడగలేదు, చీరలడగలేదు... ఇదొక్కటే.

అలాంటిది ఒకసారి మా తెలుగు సంఘం భవనానికి శంకుస్థాపన చెయ్యడానికి మద్రాసు నుంచి ఒక సినిమా హీరో వస్తున్నాడన్నారు. "ఈపాలి అంతా తెలుగే. ఆయనకి ఇంకేటొచ్చు?" అని నాన్న అమ్మకి మాటిచ్చేశాడు. ఇక చూడండి... అమ్మ కాళ్లు నేలమీద ఆనలేదు.

టాటానగర్ స్టేషనుకి బ్యాండు మేళంతో, బంతిపూల దండలతో వెళ్లాం. హీరోని నలుపు తెలుపు బొమ్మలో తప్ప మాలో ఎవరూ చూడలేదు. రైలు ఆగింది. ఫస్టుక్లాసు పెట్టెలోంచి బొద్దుగా, పచ్చగా, మెలితిప్పిన మీసంతో ఒకాయన దిగి, బీహారు కూలీతో "నాయనా, మెల్లగా దించు... అందులో ఆవకాయ జాడీ ఉంది" అన్నాడు.

అంతే... ఆ ప్లాట్‌ఫారం మీద అంత కమ్మటి తెలుగు చెవిన పడేసరికి మావాళ్లకి ఒళ్లు తెలియలేదు. దండలన్నీ ఆయన మెడలోనే పడ్డాయి. వెనకాలే నల్లకళ్లద్దాలు, టోపీ పెట్టుకుని సన్నటాయన ఒకడు దిగబోతే, నాన్న చెయ్యి అడ్డంపెట్టి "జరా హటియే భాయ్‌సాబ్, మా హీరోగారికి దారివ్వండి" అన్నాడు.

దండల్లోంచి ఆ బొద్దాయన గొంతు వినపడింది. "బాబూ... ఆయనే హీరోగారు. నేను వంటోణ్ణి, పోలినాయుణ్ణి."

పాపం, హీరో మంచివాడే. కోప్పడలేదు. కానీ సాయంత్రం వేదిక మీద ఆయనకి అటొక నాయకుడు, ఇటొక నాయకుడు. మైకు ముందుకొచ్చి, వాళ్లు నేర్పిన రెండు హిందీ వాక్యాలు తడుముకుంటూ అప్పజెప్పి, దణ్ణం పెట్టి కూర్చున్నాడు. జనం ఈలలు వేశారు. చాప మీద అమ్మ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఈయన కూడానా..." అంది, అంతే.

ఒక మాట చెప్పనా... పెద్ద చదువు లేనివాణ్ణి, తప్పైతే మన్నించండి. నాయకుడైనా, సినిమావాడైనా వేదికెక్కాక పక్క కుర్చీలో వాణ్ణే చూస్తాడు. చాప మీదవాళ్లు వాడికి కనపడరు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఇప్పుడైతే చాప మీదవాళ్లు కూడా వాణ్ణి చూడటం లేదు... ఫోనులో తమ మొహమే చూసుకుంటున్నారు.

పొద్దుటి పొరపాటుకి సిగ్గుపడి నాన్న ఆ రాత్రి పోలినాయుణ్ణి మా క్వార్టర్‌కి భోజనానికి పిలిచాడు. ఆయనది పలాస పక్కనట. హీరో ఏం తింటాడో, బల్లిని చూస్తే ఎలా మంచమెక్కుతాడో, ఇంటిమీద బెంగతో ఎలా కళ్లనీళ్లు పెట్టుకుంటాడో అన్నీ చెప్పాడు. అమ్మ గడప మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విని, నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన వెళ్లాక నాన్నతో అంది... "ఇయ్యాలే నాకు మీటింగు అర్థమయింది."

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే... మొన్న ఆదివారం మా సంఘం వార్షికోత్సవం. వేదిక మీద ఒక నాయకుడు, రీల్స్ చేసే ఒక అమ్మాయి... ఆమెతో సెల్ఫీలకి తోపులాట. మా అమ్మాయి సుజాత బిష్టుపూర్‌లో బ్యాంకు ఉద్యోగి, ఈ ఏడు సంఘం కార్యదర్శి. ఇంట్లో నేను తెలుగులో అడిగితే తను హిందీలోనే జవాబిస్తుంది. అలా అలవాటైపోయింది. అలాంటి పిల్ల మైకు తీసుకుని తెలుగులో మొదలుపెట్టింది...

"మా నాన్నమ్మ ఇలాంటి మీటింగుల్లో కూసుని, ఏటీ తెలీక ఇంటికెళ్లిపోయేదంట. అందుకే ఇయ్యాల నేను తెలుగులో మాటాడతన్నాను. తప్పులొత్తే నవ్వకండి."

నా ప్రాణం లేచొచ్చింది. ఈ కథ నేనెప్పుడు చెప్పినా తను ఫోనే చూసుకునేది. వింటుందని నాకు తెలీదు... నా తల్లి, నా బంగారం... చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను. పక్కసీటు కుర్రాడు స్నేహితుణ్ణి అడిగాడు, "దీదీ క్యా బోలీ?" అక్క ఏమందని. వాడు "పతా నహీ" అన్నాడు. తెలియదట. తెలుగువాళ్ల పిల్లలే ఇద్దరూ.

ఇంటికొచ్చాక సుజాత "పాపా, ఠీక్ బోలా నా?" అని అడిగింది. "శానా బాగా సెప్పినావమ్మా" అన్నాను. నవ్వి, అలిసిపోయి పడుకుంది. నాకు నిద్రెక్కడిది... ఈ సంగతి ఎవరికైనా చెప్పాలి. మా ఆవిడ ఉంటే అప్పటికే పదిసార్లు చెప్పించుకునేది. నాకన్నా ముందే వెళ్లిపోయింది.

తెల్లారగానే వెనక వీధిలో నా చిన్నప్పటి నేస్తం సింహాచలం ఇంటికి వెళ్లాను. మనవడు తలుపు తీసి "దాదా గావ్ చలే గయే" అన్నాడు. ఊరెళ్లిపోయాడట... ఇక రాడట. ఆ పిల్లాడికే చెబుదామని నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మంచినీళ్లడిగి తాగి వచ్చేశాను.

అందుకే మీకు రాస్తున్నాను... ఇంత సంతోషాన్ని ఒక్కణ్ణే పెట్టుకోలేక. మీకూ ఇలాంటివి ఉంటే కింద రాయండి. తెలుగులోనే రాయండి, తప్పులున్నా ఫరవాలేదు... ఇంట్లో తెలుగు వినపడేలా గట్టిగా చదువుకుంటాను.