ఏడో వారం విప్పాల్సిన కట్టు

“ఏమప్పా మునిరామయ్యా, ఆ పిల్లోని కాలు కుళ్ళబెట్టింది నువ్వేనంట గదా?”

పుత్తూరు బస్టాండు పక్కన టీ అంగడి ఓబయ్య ఈ మాట అడిగినప్పుడు చుట్టూ పదిమంది ఉన్నారు. అది 1998లో ఒక గురువారం పొద్దున. ముందురోజు సాయంత్రమే టీవీలో ‘పచ్చకట్టు’ సీరియల్ ఆరో వారం వచ్చింది. అందులో మునిరామయ్యది విరిగిన ఎముకలకు కట్టు కట్టే వైద్యుడి వేషం. బయట కూడా ఆయన పని అదే. చిక్కంతా అక్కడే వచ్చింది.

“అది కథప్పా,” అన్నాడు మునిరామయ్య.

“కథైతే నీ ఇల్లేంటికి చూపించినారు? నీ పేరేంటికి పెట్టినారు?”

మునిరామయ్య టీ సగంలో వదిలేసి ఇంటికి వచ్చేశాడు.

పుత్తూరు కట్టును సంజీవని అని పొగిడేవాళ్ళున్నారు, మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ మునిరామయ్య పంచలో ఒక పూట కూర్చున్నవాళ్ళు కారు. ఆయన చేసేది ఇంతే. ఎముకను చేత్తో తడిమి సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు దబ్బలు పెట్టి గుడ్డ చుట్టేవాడు. ఎముక తోలు చీల్చుకొని బయటికొస్తే ముట్టుకునేవాడు కాదు, పెద్దాసుపత్రికి పొమ్మనేవాడు. వాళ్ళ నాయన నేర్పిన నియమం ఒకటుంది: కట్టిన చెయ్యే విప్పాలి. ఇందులో మహిమ ఏమీ లేదు. ఎంత బిగువున కట్టిందీ ఆ చేతికే తెలుస్తుంది కాబట్టి.

బాలచంద్ర అనే తిరుపతి కుర్రవాడు స్కూటరు మీంచి పడి, ముంజేయి విరిగి ఈ పంచకే వచ్చాడు. నాటకాల పిచ్చి ఉన్నవాడు, చేతిలో కొంచెం డబ్బున్నవాడు. చెయ్యి అతుక్కునేలోపు సీరియల్ ఆలోచన పుట్టింది. పదమూడు వారాల కథ, ఒక ప్రైవేటు చానెల్లో బుధవారం సాయంత్రం అరగంట.

“పెద్దాయనా, వైద్యుడి వేషం నువ్వే ఎయ్యాల. వేరేవాళ్ళకు ఆ చేతులు యాడనుంచి తెచ్చేది?”

వారానికి ఐదువందలు, ప్రసారం అయ్యాక ఇస్తానన్నాడు. మునిరామయ్య ఒప్పుకున్నది కళ మీద ప్రేమతో కాదు. టీవీలో కనబడితే జనం పెరుగుతారని. ఆయన ఎప్పుడూ దాచలేదు కాబట్టి మనమూ దాచనక్కర్లేదు. బాలచంద్ర తెచ్చిన కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టేశాడు.

కాలు విరిగిన యువకుడిగా గిరిప్రసాద్ వేశాడు. చిత్తూరులో ఒక బ్యాంకు గుమాస్తా. మొదటిరోజే గొడవ. ఉత్తుత్తి కట్టు చాలన్నాడు బాలచంద్ర.

“ఉత్తుత్తిది నాకు రాదు నాయనా. చెయ్యి పెడితే నిజం కట్టే పడతాది.”

అలా బంగారం లాంటి కాలికి పసరుతో, సొనతో, దబ్బలతో అసలు కట్టు పడింది. రెండో విడత షూటింగ్ అయ్యాక బాలచంద్ర ఇంకో మెలిక పెట్టాడు. ఏడో వారంలో కట్టు విప్పే దృశ్యం ఉంది. అందాకా అది అట్లాగే ఉండాలట. మళ్ళీ కడితే మడతలు మారిపోతాయి, చూసేవాళ్ళు పట్టేస్తారు అన్నాడు. పాపం గిరిప్రసాద్ అప్పటినుంచీ ఆ కట్టుతోనే బ్యాంకుకు పోయి, స్టూలు మీద కాలు చాపుకొని నోట్లు లెక్కపెడుతున్నాడు.

నాలుగో వారానికి కథ తిరగబడింది. ఎవరూ చూడటం లేదు, మలుపు కావాలని చానెల్ వాళ్ళన్నారు. పట్నం నుంచి వచ్చిన యువ డాక్టరు నాయకుడయ్యాడు, నాటు వైద్యుడు దొంగయ్యాడు. ఐదో వారంలో గిరిప్రసాద్ కాలివేళ్ళకు నీలం రంగు పూశారు. ఆరో వారంలో అతను “మంట, మంట” అని అరిచాడు. చక్కగా అరిచాడు కూడా, అదే కొంప ముంచింది. పొద్దున్నే తిరుత్తణి బస్సులో పదిహేనుమందికి తక్కువ కాకుండా దిగే రోగులు ఏడుగురయ్యారు. ఓబయ్య అడిగిన ఆ గురువారం ఇద్దరే వచ్చారు. వాళ్ళలో ఒకడు, “ఈయనేనా?” అని పక్కవాణ్ణి అడిగి, నొప్పి చెయ్యి పట్టుకొని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఏడో వారం షూటింగ్ ఆదివారం. అందులో కట్టు విప్పుతారు, కాలు కుళ్ళిపోయి ఉంటుంది. వైద్యుడు డాక్టరు కాళ్ళ మీద పడి చెప్పాల్సిన మాట కాగితం మీద రాసి పంపించారు: “నాకు వైద్యం తెలీదు. ఇన్నాళ్ళూ జనాన్ని మోసం చేసినాను.”

“నేను చెప్పను,” అని మునిరామయ్య ఫోన్లో అన్నాడు.

“చెప్పకపోతే ఎట్ల పెద్దాయనా? సంతకం పెట్టినావు. ఒక పూట షూటింగ్ ఆగితే ఎనిమిది వేలు నువ్వే కట్టాల. కాగితంలో ఉండాది, సూడు.”

కాగితంలో ఉంది. ఎనిమిది వేలు ఇంట్లో లేవు. చెబితే బతుకుతెరువు పోతుంది, చెప్పకపోతే డబ్బు పోతుంది. మునిరామయ్య పెరట్లో నిలబడి ఆ రెండు వాక్యాలూ పైకి అని చూసుకున్నాడు. ఆయన భార్య జ్ఞానాంబ గిన్నెలు తోముతూ విన్నది.

“ఏమయ్యా, దొంగ మాట అంత బాగా వస్తాండాదే నీకు!”

“నవ్వతావేంటికే? ఆ మాట టీవీలో అన్నాక మన గడప ఎవురు తొక్కుతారు?”

జ్ఞానాంబ నవ్వు ఆపేసింది. చేతులు కడుక్కొని, తిరుమల కొండ వైపు తిరిగి, తలనీలాలు మొక్కుకుంది.

శనివారం మధ్యాహ్నం ఎదురింటి ఎస్టీడీ బూతుకు బాలచంద్ర నుంచి ఫోను వచ్చింది.

“పెద్దాయనా, సీరియల్ ఆపేసినారు. సబ్బు కంపెనీవాళ్ళు ఇంక ప్రకటనలు ఇయ్యం అనేసినారంట.”

“ఆపేసినారా? మళ్ళా పెడతారా?”

“ల్యా. ఆ టైములో వంటల ప్రోగ్రాం ఏస్తారంట.”

“మంచిది నాయనా. వంటలు మంచివే,” అన్నాడు మునిరామయ్య. ఫోను పెట్టేసి బూతులోని స్టూలు మీద కూలబడ్డాడు. బూతువాళ్ళు చావుకబురేమో అనుకుని నీళ్ళు తెచ్చిచ్చారు.

పదమూడు వారాలని మొదలై ఐదారు వారాలకే ఆగిపోయిన సీరియళ్ళు ఆ రోజుల్లో బోలెడు. గొప్ప కళ అర్ధాంతరంగా పోయిందని వాటిని తలుచుకొని నిట్టూర్చడం ఇప్పుడు ఒక మర్యాద అయింది. ‘పచ్చకట్టు’కు ఆ మర్యాద అక్కర్లేదు. అది చెడ్డ సీరియల్. ఆగిపోవడమే అది చేసిన మంచి పని. ఆపింది దేవుడు కాదు, సబ్బు అని ఎవరో అంటే జ్ఞానాంబ ఒప్పుకోలేదు.

“ఆ సబ్బోనికి బుద్ధి పుట్టించినోడు ఎవురు మరి?” అని, మొక్కు తీర్చేదానికి తిరుపతి బస్సెక్కేసింది.

మునిరామయ్య ఎక్కింది చిత్తూరు బస్సు. సోమవారం పదకొండు గంటలకు బ్యాంకులో అడుగుపెట్టాడు. సీరియల్ ఆగిందని గిరిప్రసాద్‌కు ఎవరూ చెప్పనే లేదు. షూటింగ్ వ్యాను వస్తుందని ఆదివారమంతా కట్టుతో వాకిట్లో కూర్చున్నాడట.

“నువ్వే పుత్తూరు రావచ్చు గదా నాయనా!”

“కాలు మడవనీదే మీ కట్టు, బస్సెట్ల ఎక్కేది?”

పింఛన్ల రోజు. బ్యాంకు నిండా జనం. సగంమంది ఆరో వారం చూసినవాళ్ళే. మునిరామయ్య కింద కూర్చొని గుడ్డ మడతలు తీయడం మొదలుపెట్టగానే ముందున్నవాళ్ళు ముక్కు మూసుకొని వెనక్కి జరిగారు. వెనకున్నవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. దబ్బలు ఒక్కటొక్కటే వచ్చేశాయి. ఎండిన సొన పెచ్చులుగా రాలింది.

కాలు కాస్త తెల్లబడింది, అంతే. గిరిప్రసాద్ రెండు చేతులతో దాన్ని గోక్కోవడం మొదలుపెట్టాడు. ఐదు నిమిషాలు అదే పని. తర్వాత లేచి, మోకాలు మడిచి చాచి, కౌంటరు దాకా నడిచి వచ్చాడు.

“కుళ్ళిపోయిందన్నారే!” అందొక ముసలామె.

“విరగనే లేదు గదమ్మా,” అన్నాడు మునిరామయ్య.

“విరగలేదంట, సూడండబ్బా! అతుకు కూడా కనబడకుండా కట్టినాడు మహానుబావుడు!”

ఆయన ఇంకో రెండుసార్లు చెప్పి చూశాడు. ఎవరూ వినిపించుకోలేదు. ఆ కాలు నడిచిన సంగతి ఆయన ఎక్కిన బస్సు కంటే ముందే పుత్తూరు చేరింది. పదిరోజుల్లో తిరుత్తణి బస్సు మళ్ళీ పదిహేనుమందిని దింపింది. ఓబయ్య టీ డబ్బులు తీసుకోలేదు. మునిరామయ్య మాత్రం ఆ తర్వాత ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టలేదు. ఆ రెండు వాక్యాలు రాసిన చీటీని పొయ్యిలో వేసి, పూర్తిగా కాలిందాకా నిలబడి చూసుకున్నాడు.

విరగని కాలికైనా కట్టు కూలి కూలేనని గిరిప్రసాద్ ఆరోజే బ్యాంకులో నలభై రూపాయలు చేతిలో పెట్టాడు. ఆరు వారాలకు బాలచంద్ర ఇవ్వాల్సిన మూడు వేలు ఇప్పటికీ రాలేదు.