ఆదివారం ఐదు గంటల్లోపు స్కాట్లండ్

శనివారం ఉదయం ఐదూ నలభైకి రెడ్‌మండ్‌లో మహేందర్ ఇంటి ముందు కారు ఆపాను. ఐదున్నరకి రమ్మన్నాడు. గోల్ఫ్ బ్యాగు పక్కన పెట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"పది నిమిషాలు లేట్. షీట్‌ల బఫర్ టైం పెట్టిన కాబట్టి బతికిపోయినవ్" అన్నాడు.

మహేందర్‌ది కరీంనగర్, నాది తెనాలి. ఒకే కంపెనీలో పదకొండేళ్లుగా పక్క పక్క టీముల్లో పనిచేస్తున్నాం. నాకు గోల్ఫ్ నేర్పింది అతనే. అతను ఏ ప్రయాణం పెట్టుకున్నా ముందు ఒక స్ప్రెడ్‌షీట్ పుడుతుంది. ఈసారి అందులో రెండు పేజీలు. మొదటిదాని పేరు 'రిహార్సల్', అంటే ఈ రెండు రోజుల ఒరెగాన్ తీరం. రెండోదాని పేరు 'స్కాట్లండ్'.

సముద్రానికీ పొలాలకీ మధ్య ఉండే ఇసుక నేల మీద, తనంత తాను పెరిగిన గడ్డిలో ఆడే గోల్ఫ్‌ని లింక్స్ అంటారు. ఆట పుట్టింది అలాంటి నేల మీదే. జూన్‌లో మహేందర్ హైదరాబాద్ వెళ్లాలి. చెల్లెలి కూతురి పెళ్లి, దాంతోపాటే కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్. కూతురికి స్కూలు జూన్ ఆఖరు దాకా ఉంటుంది కాబట్టి ఒక్కడే వెళ్తాడు. తిరిగి వచ్చేటప్పుడు ఎడిన్‌బరోలో దిగుతాడు, నేను ఇక్కడినుంచి వెళ్లి కలుస్తాను, ఐదు రోజులు పాత లింక్స్ కోర్సులు ఆడతాం. అదీ ప్లాను. టికెట్లు అప్పటికే హోల్డ్‌లో పెట్టాడు. ఆదివారం సాయంత్రం ఐదింటిలోపు కొనకపోతే ఆ ధర పోతుంది.

ఇక నా సంగతి. బుధవారం మా డైరెక్టర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. వచ్చే మంగళవారం మహేందర్ టీమ్ మొత్తాన్ని తీసేస్తున్నారు. వాళ్ల పనిలో కొంత మా టీమ్‌కి వస్తుంది కాబట్టి నాకు ముందుగా చెప్పారు. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. నాకు గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాదిన్నర. మహేందర్ ఇంకా హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీదే ఉన్నాడు. ఇక్కడ ఉండగా ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికి అరవై రోజులు ఉంటాయి. హైదరాబాద్‌లో స్టాంపింగ్ కోసం ఆగి ఉంటే మాత్రం తిరిగి రావడానికి దారి లేదు. భార్య, కూతురు ఇక్కడ, అతను అక్కడ. మంగళవారం కబురు తెలిశాక అతను వెళ్లడు కదా అని మీరనొచ్చు. నేనూ బుధవారం అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ శుక్రవారం అతను ఇంకో మాట చెప్పాడు. స్టాంపింగ్ తేదీ ముందుకు జరిగిందట, సోమవారం సాయంత్రమే విమానం ఎక్కేస్తానన్నాడు. పెళ్లి దాకా అక్కడినుంచే పని చేసుకుంటాడట, వాళ్ల మేనేజర్ సరేనన్నాడట. ఆ మేనేజర్‌కి కూడా ఏమీ తెలియదన్నమాట.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ అంటుంది. అలాంటి నేను ఆ ఉదయం టకోమా దాటేవరకు వాతావరణం గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు.

ఏడూ నలభై ఐదుకి సెంట్రేలియాలో ఆగాం. కాఫీలు తీసుకుని, స్వప్న కట్టిచ్చిన పులిహోర కార్‌లోనే తిన్నాం. స్వప్న మహేందర్ భార్య. నాకు రెండు ముద్దలు కూడా దిగలేదు.

"ఏందిరా, చింతపండు పులిహోరకి నువ్వు నో అన్నవంటే ఒంట్ల బాగలేనట్టే" అన్నాడు.

"పొద్దున్నే ఆకలి ఉండదురా" అన్నాను. పదకొండేళ్లుగా నేను తినడం చూస్తున్న మనిషికి చెప్పాల్సిన అబద్ధం కాదు అది.

లాంగ్‌వ్యూ దగ్గర కొలంబియా నది దాటి ఒరెగాన్‌లోకి వచ్చాం. అక్కడినుంచి ఆస్టోరియా దాకా రెండు వరుసల రోడ్డు, ఒక పక్క అడవి, అప్పుడప్పుడు నది. వెళ్లాలనుకునేవాళ్లు పెట్రోలు లాంగ్‌వ్యూలోనే పోయించుకుంటే మంచిది. పదిన్నరకి గియర్‌హార్ట్ చేరాం. అక్కడిది నూరేళ్లు పైబడిన గోల్ఫ్ కోర్సు. పేరు రాయను, ఆ ఊళ్లో ఎవరిని అడిగినా చూపిస్తారు. సముద్రం అక్కడే ఉంటుంది కానీ ఇసుక దిబ్బలు అడ్డం, కనపడదు. ఆ హోరు మాత్రం పద్దెనిమిది హోల్సూ వెంట వస్తుంది.

ఇద్దరమే వచ్చేసరికి, ఆటగాళ్లని వరసగా పంపే స్టార్టర్ మాతో ఇంకొకరిని కలిపాడు. కెరొల్ అని డెబ్బై దాటినావిడ. రిటైర్ కాకముందు పోస్టాఫీసులో పనిచేసిందట. మా బ్యాగుల్లో పద్నాలుగేసి క్లబ్బులు, అంటే ఆడే కర్రలు ఉంటే ఆవిడ బ్యాగులో ఏడే, భుజానికి తగిలించుకుని నడుస్తుంది. ముగ్గురం ఎవరికి వారుగా మ్యాచ్ ఆడదామంది. సరేనన్నాం.

పదకొండూ పదికి మొదటి దెబ్బ. నేల గట్టిగా ఉంది. మామూలు కోర్సులో పడ్డచోట ఆగే బంతి ఇక్కడ పడ్డాక ఇంకో నలభై గజాలు దొర్లుతుంది, దాని ఇష్టం వచ్చిన వైపుకి. గాలి ఎడమ నుంచి. మహేందర్ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ప్రతి హోల్ దగ్గరా ఫొటో తీసి 'స్కాట్లండ్‌లో ఇలాగే ఉంటుంది' అని నాకు చెప్పడం, నేను ఊకొట్టడం. నా బంతులు గడ్డిలోకి పోతున్నాయి. ఐదో హోల్‌లోపే మూడు పోగొట్టుకున్నాను.

ఆరో హోల్ దగ్గర నా బంతి మొదటిసారి జెండా పక్కన పడింది.

"ఏ క్లబ్ కొట్టినవ్‌రా?" అని, ఇంకా తన బంతి కొట్టని మహేందర్ అడిగాడు.

"సెవెన్ ఐరన్" అన్నాను.

కెరొల్‌కి తెలుగు రాదు, ఆ రెండు మాటలు మాత్రం పట్టుకుంది. నవ్వుతూనే, "మీరిద్దరూ ఈ హోల్ ఓడిపోయారు" అంది. అడిగినందుకు అతనూ, చెప్పినందుకు నేనూ. వారం వారం మా పబ్లిక్ కోర్సులో అరుచుకుంటూ ఆడే మాకు ఈ రూల్ ఉందన్న సంగతే పట్టలేదు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. నీళ్లెక్కడున్నాయి, జెండా ఎంత దూరం, అలాంటివి ఎవరికైనా చెప్పొచ్చు. దాన్ని చూసి ఏం చేయాలో, ఏ క్లబ్ వాడాలో మాత్రం చెప్పకూడదు.

"ఎవరికీ చెప్పకూడదా?" అని అడిగాను.

"ఒకే జట్టయితే చెప్పొచ్చు. జట్టంటే అదే కదా" అంది.

తొమ్మిదో హోల్ దగ్గర ఎల్క్‌ల మంద అడ్డం వచ్చింది. గుర్రమంత జింకలు, ఇరవై దాకా ఉంటాయి. గడ్డి పొట్టిగా కత్తిరించిన ఫెయిర్‌వే మీద తీరిగ్గా పడుకున్నాయి. వాటికి దగ్గరగా వెళ్లకూడదు, తోలకూడదు. ఇరవై నిమిషాలు నిలబడిపోయాం. ఆ ఇరవై నిమిషాలూ నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఫోన్ తీసి చూశాను, లోపల పెట్టాను, మళ్లీ తీశాను. కెరొల్ తన బ్యాగు మీద కూర్చుని బిస్కెట్ తింటూ నన్ను చూసింది.

"మీ ఫ్రెండ్‌కి రైలేమైనా ఉందా?" అని మహేందర్‌ని అడిగింది.

మూడున్నరకి ముగించాం. మ్యాచ్ కెరొల్ గెలిచింది, ఏడు క్లబ్బులతో. సీసైడ్ ఊళ్లో రెండు మంచాల మోటెల్ గది, బుక్ చేసింది మహేందరే. ఐదున్నరకి బీచ్ దగ్గర క్లామ్ చౌడర్ అనే గుల్లల సూప్ తింటూ అతను ఫోన్‌లో రెండో పేజీ తెరిచాడు. సెయింట్ ఆండ్రూస్‌లో ఎక్కడ దిగాలి, నార్త్ బెర్విక్‌కి ఏ రైలు, డోర్నోక్‌కి కారు తీసుకోవాలా వద్దా.

"టికెట్లు ఇప్పుడే కొట్టేద్దామా?" అన్నాడు.

"రేపు చూద్దాంలేరా" అని నీళ్లు నమిలాను.

"రేపు ఐదింటికి పోతది."

"ఐదింటిలోపే చూద్దాం."

అతను ఫోన్ బోర్లించి పెట్టాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. సంతకం పెట్టిన కాగితం ఒక పక్క, నాకూ ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. ఇంకో పక్క ఈ మనిషి. చెబితే నా ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే అతను సోమవారం విమానం ఎక్కుతాడు. ఇందులో తేల్చుకోవడానికి ఏముందని మీకు అనిపించొచ్చు. భయపడ్డాను, అంతే.

ఆదివారం ఉదయం ఐదింటికే లేచి ఒంటరిగా బీచ్ చివరిదాకా నడిచి వచ్చాను. ఎనిమిదిన్నరకి, గంట దూరం దక్షిణంగా ఉన్న ఇంకో పాత కోర్సులో ఆట. తొమ్మిదే హోల్సు. డబ్బు వేయడానికి తలుపు దగ్గర ఒక పెట్టె, మనుషులు తక్కువ. తీరిక ఉన్నవాళ్లు దాన్ని వదులుకోవద్దు. నేను సరిగ్గా చూడలేదు. మహేందర్ కూడా ఫొటోలు తీయలేదు. పన్నెండింటికి దారిలో శాండ్‌విచ్‌లు తిని బయల్దేరాం.

తిరుగు ప్రయాణంలో ఆస్టోరియా నుంచి నది ముఖద్వారం మీదుగా మా వాషింగ్టన్ రాష్ట్రంలోకి వచ్చే వంతెన ఎక్కాం. నాలుగు మైళ్లు ఉంటుంది. మొదట ఓడలు పోయేంత ఎత్తుకి లేచి, తర్వాత నీళ్లకి దగ్గరగా దిగి, అలా సాగిపోతుంది. మధ్యలో ఆపడానికి చోటు లేదు. టైమ్ రెండూ ఇరవై. నేను నడుపుతున్నాను.

"కార్డ్ నంబర్ కొట్టిన. ఇంక ఒక్క బటన్. మొత్తం ఒకటే బుకింగ్‌ల ఉన్నది, సోమవారం ఇండియా, జూన్‌ల ఎడిన్‌బరో" అన్నాడు మహేందర్.

 ముందు వెళ్తున్న బండినే చూస్తూ అన్నాను.

"నొక్కకు."

"స్కాట్లండ్ వద్దా?"

"ఏదీ వద్దు. ఇండియా కూడా వద్దు. దేశం దాటకు."

వంతెన కిందికి దిగింది. రెండు వైపులా నీళ్లే. 

"పెళ్లి ఉన్నదిరా" అన్నాడు చివరికి.

"తెలుసు."

"ఎందుకు అని అడిగితే చెప్తవా?"

"అడగకు."

ఏముందో చెప్పకుండా ఏం చేయాలో చెప్పాను. కెరొల్ చెప్పిన రూల్‌కి సరిగ్గా తలకిందులు. అంతకంటే ఎక్కువ నా నోట రాలేదు, ఆ వంతెన మీద అంతకంటే అవసరం కూడా లేకపోయింది. మహేందర్ ఆ పేజీ మూసేసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

 రేమండ్‌లో పెట్రోలు బంకు దగ్గర ఆపితే, కారు దిగి స్వప్నకి ఫోన్ చేశాడు. కారు చుట్టూ నడుస్తూ మాట్లాడాడు. అద్దం దించి ఉండటం వల్ల ముక్కలు ముక్కలుగా వినిపించింది. "రేపు పోతలేను... లేదు, నా పానం మంచిగనే ఉన్నది... చెల్లెకి నేనే చెప్త... ఇంటికొచ్చినంక మాట్లాడుకుందాం." చెల్లెకి అన్న దగ్గర నడక ఆపాడు. పెళ్లికూతుర్ని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పింది తనేనని నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఒలింపియా దాటాక ఆదివారం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. సరిగ్గా ఐదింటికి అతని ఫోన్ మోగింది. తీసి చూసి, "పోయింది" అన్నాడు. ఇద్దరం ముందున్న బ్రేక్ లైట్లు చూస్తూ కూర్చున్నాం. రెండు రోజుల్లో మొదటిసారి నాకు ఆకలి వేసింది. అది కూడా సిగ్గుగా అనిపించింది. మిగిలిన పులిహోర వెనక సీట్లో ఉందని అతనే గుర్తు చేశాడు. డబ్బా తీసి, మూత విప్పి, నేను నడుపుతుంటే నా చేతికి అందించాడు.

ఆ తీరానికి వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. మేలో వెళ్లండి, గాలికి ఆగే జాకెట్ తీసుకెళ్లండి, బంతులు డజను ఎక్కువే పెట్టుకోండి. ఎల్క్‌లు అడ్డం వస్తే ఆగండి. ఆ కోర్సులు నిజంగా ఎంత బాగుంటాయో నన్ను అడగకండి. నేను వాటి మీద రెండు రోజులు నడిచాను గానీ, అక్కడ లేను.

ఆరూ నలభైకి రెడ్‌మండ్‌లో అతని ఇంటి ముందు ఆపాను. మహేందర్ డిక్కీలోంచి బ్యాగు దించుకున్నాడు. తన షీట్‌లో మా రాక ఆరున్నరకి రాసుకుని ఉంటాడు, ఈసారి లేట్ గురించి ఏమీ అనలేదు. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చి నా కిటికీ దగ్గర వంగాడు.

"రేపు ఆఫీస్‌ల నేను కనిపిస్తే మామూలుగ ఉండు. నిన్న పొద్దుగాల నుంచి చూస్తున్న, నీకు యాక్టింగ్ రాదు. నీ ఉద్యోగం కూడా పోతది."