మంచి మాటల మస్టరు

2008 జూలై రెండో సోమవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు గోదావరిఖని చౌరస్తా దగ్గరి ఆ మేడ మెట్లు ఎక్కాము. ముందు నా కొడుకు, కోడలు, వెనక నేను. వాళ్ల పెళ్లయి రెండేళ్ల నాలుగు నెలలు. నలభై రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. కౌన్సెలింగ్ చేసే మేడమ్ ఎనిమిది సోమవారాలు రమ్మంది. నన్ను వరండాలో కూర్చోమంది.

తలుపు సందులోంచి అంతా వినబడింది. మేడమ్ పెట్టిన నియమం ప్రకారం ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు అడ్డు రాకూడదు. విన్నది తిరిగి చెప్పి, ఆ తర్వాతే జవాబివ్వాలి.

"డ్యూటీ నుంచి వచ్చి టీవీ ముంగట కూసుంటడు. నేనున్ననా సచ్చిననా అని అడగడు" అంది కోడలు.

"టీవీ చూస్తనంటున్నది" అన్నాడు నా కొడుకు.

"సగమే విన్నవ్ తమ్ముడూ. మిగతాది?" అంది మేడమ్.

వాడు గొంతు తగ్గించాడు. "ఒక్కదాన్నే అయిన అంటున్నది."

కోడలు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "గీ మాట ఇన్నొద్దులు ఏడ దాచినవ్?"

రోజుకు ఒక్కసారైనా ఎదుటివారిలో నచ్చినదాన్ని నోరు తెరిచి చెప్పాలని మేడమ్ ఇంటికి పని ఇచ్చింది.

మా ఆయన బతికున్నన్నాళ్లూ గనిలో ఆయనకు పడిన ప్రతి మస్టరునూ, అంటే హాజరునూ, క్యాలెండర్‌లో గీత పెట్టిన చేయి నాది. ఆ చేయి ఊరుకోలేదు. కోడలు మంచి మాట అన్న రోజు గీత, అనని రోజు సున్నా. మూడోసారి వెళ్లినప్పుడు, పిలవకుండానే లోపలికి పోయి ఆ క్యాలెండర్‌ను బల్ల మీద పరిచాను.

"పద్నాలుగు దినాలల్ల తొమ్మిదే, మేడమ్. ఐదు నాగాలు."

"మరి మీ కొడుకువి ఎన్నమ్మా?"

నేను రాయలేదు. రాయాలని తోచనేలేదు.

కోడలు లేచింది. "చాయ్ ఇచ్చుకుంట అన్న మాట సుత లెక్కవెట్టినవా అత్తమ్మా?" అని, వాడు ఏమైనా అంటాడేమోనని మొగుడి వైపు చూసింది.

వాడు క్యాలెండర్ మీంచి తలెత్తకుండా, "ఆ ఐదు దినాలు ఎందుకనలే?" అన్నాడు.

ఆ ప్రశ్నను వాడి నోట్లో పెట్టింది నేనే. కోడలు అటునుంచి అటే పెద్దపల్లి బస్సెక్కి పుట్టింటికి పోయింది. నాలుగో సోమవారం మేడ మెట్లు ఎవరూ ఎక్కలేదు. మరుసటి ఏడాది కోర్టు కాగితాలు వచ్చాయి. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. కోడలిదే తప్పని వాడకట్టు జనం అనుకుంటే విని ఊరుకున్నాను.

పోయినవి: ఐదు సోమవారాలు. ఒక కాపురం. ఒక కోడలు.