అరుగు మీది గొట్టం

మా తిరుత్తణి ఇంటి వీధి అరుగు మీద, మనిషి గోడకు చేరగిలబడి కూర్చుంటే సరిగ్గా చెవి ఉండేచోట, ఒక మట్టిగొట్టం నోరు కనబడేది. ఎలుకల కోసమా, పిచ్చుకల కోసమా అని దారిన పోయేవాళ్లు అడిగేవాళ్లు. పొయ్యికి గాలి కోసం అని నేను గంభీరంగా చెప్పేవాణ్ణి. అది సగమే నిజం.

యుద్ధం రోజులవి. కిరసనాయిలు దొరికేది కాదు. అడితిలో సవుకు కట్టెలు పచ్చివే అమ్మేవాళ్లు. వీధివైపు ఉన్న మా వంటింటికి కిటికీ లేదు. పొయ్యి వెలిగిస్తే నా భార్య ముఖం కనబడేది కాదు, దగ్గు మాత్రం వినబడేది. ఆ దగ్గు నాకెంత అలవాటయిందంటే, అది వినబడగానే అన్నం ఉడుకుతోందని ఆకలి వేసేది. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

ఆమె అన్న ఊత్తుకోట నుంచి చూడవచ్చి ఒక పూట ఉన్నాడు. అన్నం దగ్గర కళ్లు తుడుచుకుంటూ అన్నాడు:

“ఏం బావా, ఇది వంటిల్లా, ఇటికెల బట్టీనా? మా చెల్లి అట్ల దగ్గతా ఉండాదే, నీకు వినపడలేదా?”

“పచ్చి కట్టెలు బావా. ఊరంతా ఇట్లే.”

“ఊరంతా నా చెల్లెలు కాదు. ఆడికృత్తిక తిరనాళ్లకు కొండ మీది గుడికి వస్తాను. అప్పుడూ పొగ ఇట్లే ఉంటే బండెక్కించి పిల్చుకోని పోతా. మళ్లీ ఎప్పుడు పంపేదీ మా అమ్మ చెప్తాది.”

మా అత్తగారు ఏదీ త్వరగా చెప్పే మనిషి కాదు.

ఒక మేస్త్రీని పిలిచి కప్పుకు పొగగూడు పెట్టిస్తే సరిపోయేది. కానీ నేను రోజూ రైల్లో తిరువళ్లూరు ఆఫీసుకు పోయివచ్చే గుమాస్తాను, ఇంగ్లీషు పత్రికలు చదివేవాణ్ణి. మేస్త్రీకి తెలిసినదానితో నాకు తృప్తి ఎలా కలుగుతుంది? అప్పుడే ఒక దొర బంగళా ఖాళీ చేస్తూ సామాన్లు వేలం వేశాడు. అందులో ఒక ఇనప పొయ్యి ఉంది. కొండ ప్రాంతాల్లో గోడగూట్లో దూర్చి చలి కాచుకునే పెట్టె అది. తిరువళ్లూరు ఎండల్లో దాని వంక చూసినవాడు లేడు. పైన పలక చదునుగా ఉంది, రెండు గిన్నెలు పడతాయి, పొగకు వేరే గొట్టం ఉంది. వేలం పాడి, రైల్లో వేయించి, స్టేషన్నుంచి బండి మీద తెచ్చాను.

పక్కింటి అవ్వ గడపలో నిలబడి చూసింది. “ఏంది నాయనా, ఇనప్పెట్టా? దాంట్లో పెట్టేదానికి నగలు యాడుండాయి?”

పాత పొయ్యి గూట్లో దాన్ని దూర్చి, పొగగొట్టాన్ని పెంకుల్లోంచి పైకి పంపాను. మొదటి రోజే వెనక గోడ కాగిపోయి, అవతలి గదిలో చిలక్కొయ్యకు తగిలించిన నా కోటు అప్పడంలా వేడెక్కింది. ఇనుముకూ గోడకూ మధ్య జానెడు సందు ఉంది. అందులో వేడిని ఆపేది ఏదైనా కూరాలి. స్టేషన్లో ఐసుగడ్డలు వరి ఊకలో దిగడం నేను రోజూ చూస్తున్నాను. ఊకలో ఐసు కరగదు, కాబట్టి ఊకలోంచి వేడి పోదు. బస్తాడు ఊక తెచ్చి కూరాను.

“ఊక అంటుకోదా అయ్యా?” అంది నా భార్య.

“ఐసు దగ్గర అంటుకుందా?”

“ఐసు దగ్గర నిప్పు లేదు కదా.”

ఆడవాళ్లకు సైన్సు తెలియదన్నాను.

ఊక భగ్గున మండలేదు. అట్లా మండినా బాగుండేది, ఒక బిందె నీళ్లతో పోయేది. అది లోలోపల రాజుకుని, రోజుల తరబడి గోడ పగుళ్లన్నిట్లోంచి సన్నగా పొగ వదిలింది. అవ్వ మళ్లీ వచ్చింది. “పసిబిడ్డకు సాంబ్రాణి పడతా ఉండారా? నాతో ఒక మాట చెప్పనేలేదే!”

చివరికి అంతా కాలి నల్లటి బూడిద మిగిలింది. బూడిద ఇక కాలదు. గోడ చల్లబడింది. ముందునుంచీ నా ఆలోచన అదేనని ఇంట్లో చెప్పాను. నా భార్య నా వంక చూసి దగ్గింది.

ఇక గాలి సంగతి. పొయ్యి తలుపు మూస్తే మంట చచ్చేది, తెరిస్తే పొగ వంటింట్లోకి వచ్చేది. వీధిలోంచి గాలి నేరుగా నిప్పు కిందికి వెళ్లేట్టు కుమ్మరి దగ్గర మట్టిగొట్టాలు కొని, అరుగు మీది నుంచి గోడలోగుండా పొయ్యి అడుగున బూడిదగూట్లోకి కలిపాను. మంట గుప్పున లేచింది. వంటింట్లో పొగ లేదు! నేను అరుగు మీదికి పరిగెత్తి, గాలి లాగే చప్పుడు విందామని గొట్టానికి చెవి ఆనించాను.

గాలి చప్పుడు కాదు, అవ్వ గొంతు వినబడింది.

“బాగానే మండతా ఉండాదే. నీ మొగుడు గట్టోడే.”

“పొయ్యి ఎట్లుండాదని పూటకోసారి అడగతాడవ్వా. నీ దగ్గు ఎట్లుండాదని ఒక్కరోజూ అడగలా.” అది నా భార్య. “అన్న వస్తే పోతా. పొగ ఉన్నా పోతా, లేకున్నా పోతా.”

 లేచి లోపలికి వెళ్లి ఆ ఒక్క మాట అడిగి ఉండవచ్చు. కానీ ఇన్నాళ్లూ అడగనివాడు ఉన్నట్టుండి అడిగితే ఎందుకడిగావంటుందని భయం. అందుకని రోజూ సాయంత్రం రైలు దిగి రాగానే అరుగెక్కి గొట్టానికి చెవి పెట్టడం మొదలుపెట్టాను. కట్టెలు లావుగా ఉన్నాయని వినబడితే మర్నాడు చీల్చి పెట్టేవాణ్ణి. అడ్డసరం ఆకు కషాయం తాగితే మేలంట, తెచ్చేదెవరని వినబడితే ఆకు తెచ్చి, దారిలో కనబడిందనేవాణ్ణి.

రానురాను మందులు మారాయి.

“తిరువళ్లూరు అంగట్లో నేతి మైసూరుపాకు తింటే గొంతు సర్దుకుంటాదంటవ్వా,” అంది నా భార్య ఒకరోజు.

“అట్లనా? నాకూ గొంతు బాగలేదమ్మా,” అంది అవ్వ కొంచెం గట్టిగా.

రెండు పొట్లాలు తెచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆడికృత్తిక రానే వచ్చింది. వీధి నిండా మొక్కు కావళ్లు మోసే భక్తులు, వాళ్ల అరోహరా కేకలు. బావమరిది కొండ దిగి, బండి మా ఇంటి ముందు ఆపి, వంటింట్లోకి తొంగి చూసి వచ్చాడు.

“పొగ లేదు బావా, మాట నిలబెట్టుకున్నావు. దాన్నే అడిగినాను, వచ్చేదీ లేందీ. ఆలోచించి చెప్తానంటా ఉండాది.”

ఆ మాటతో నా గుండె గొట్టం వైపు పోయింది. అలవాటు ప్రకారం చేరగిలబడి చెవి ఆనించాను.

“ఏమయ్యా! చెవి తియ్యి! మంట ఆరిపోతా ఉండాది!” అని గొట్టంలోంచి నా భార్య కేక వేసింది.

బావమరిది ఎగిరి గంతేశాడు. “ఎవురది? గోడనా?”

లోపల అవ్వ పొర్లి పొర్లి నవ్వడం గొట్టంలోంచి చక్కగా వినబడింది. నా తల అడ్డం పడినప్పుడల్లా పొయ్యికి గాలి ఆగిపోయేది. మంట తగ్గితే నేను వచ్చినట్టు, లేస్తే పోయినట్టు. మొదటి సాయంత్రం నుంచీ వాళ్లకు తెలుసు.

నా భార్య గరిటెతో గడపలోకి వచ్చింది.

“ఏమ్మే, వస్తావా?” అన్నాడు అన్న.

ఆమె నా వంకే చూస్తూ నిలబడింది. కావళ్ల జనం కూడా నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

“నీ... దగ్గు ఎట్లుండాది?” అన్నాను.

“తగ్గలా,” అంది. గరిటెను ఇంకో చేతిలోకి మార్చుకుని, “తగ్గతా ఉండాది,” అంది. తర్వాత అన్న వైపు తిరిగింది. “నేను రానులేన్నా. కాళ్లు కడుక్కో, తిని పోదువు. ఏమయ్యా, నువ్వు ఆ పక్కకు జరిగి కూర్చో. అన్నం ఉడకాల.”

జరిగి కూర్చున్నాను.